నవ్వితే రాలే మట్టి

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మమ్మ, పెద్దమ్మ, మావయ్య, గుసగుస. అమ్మ పొద్దున్నే కుట్టు కంపెనీకి వెళ్లిపోయింది, చీకటి పడేదాకా రాదు. పిల్లి కూడా ఉండాల్సిందే గానీ, పెద్దమ్మ చేత చీవాట్లు తిని గోడెక్కి అలిగి కూర్చుంది. అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

గుసగుసకి అసలు పేరు ఇంకోటి ఉంది. బళ్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పని లేదు. అప్పుడు కూడా ఆ పిల్ల పలికే పలుకు పక్క బెంచీ వరకూ పోదు. టీచరే తలెత్తి, మనిషి ఉందో లేదో చూసి హాజరు వేసుకుంటుంది. ఇంట్లో ఏమైనా అడగాలంటే అమ్మమ్మ చెవి దగ్గరికి చేరి అడుగుతుంది. అమ్మమ్మ దాన్ని గట్టిగా చెప్తుంది. "గుసగుసకి ఇంకాస్త చారు కావాలట." అలా వచ్చిందా పేరు. మావయ్య పెట్టాడు, అందరికీ నచ్చింది, ఆ పిల్లకి నచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. అడిగినా జవాబు వినబడేది కాదు.

ఆ పొద్దున ఇంట్లో గొడవంతా మట్టి గురించే.

"ఇంక చాలు," అంది పెద్దమ్మ, ముందుగదిలో తను నడిపే బ్యూటీ పార్లర్లోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని. "నిన్న ఆ బ్యాంకావిడ నల్ల చీర మీద పెచ్చులు పెచ్చులుగా రాలింది. 'ఏమండీ, నా మొహాన్ని గోడనుకున్నారా' అని అడిగింది నన్ను. ఇన్నేళ్లలో ఎవరి చేతా ఇంత మాట పడలేదు నేను."

"మట్టి మంచిదేనే," అంది అమ్మమ్మ.

"మంచిదే. కుండలు చేసుకో. మొహాలకి మాత్రం వద్దు. కంపెనీ ఫేస్‌ప్యాక్ ట్యూబులు తెచ్చే ఆయన సాయంత్రం పెట్టె తెస్తానన్నాడు. అతను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆ మట్టి నానేసిన తొట్లు ఖాళీ అయిపోవాలి. ఏరా తమ్ముడూ, వింటున్నావా?"

మావయ్య వింటున్నాడు. ఆ మాట కోసం ఎన్నాళ్లుగానో చెవులు రిక్కించుకుని ఉన్నాడు. వెనక వరండాలో నీడ పట్టున ఉన్న చోటంతా తొట్లే. అతని స్కూటరు ఎండలో నిలబడి నిలబడి సీటు నోరు తెరిచింది.

"కాలువలో పోసేయనా, పెరట్లో పోయనా?" అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ.

గుసగుస వెళ్లి పెద్ద తొట్టి మూత మీద కూర్చుంది.

"లే అమ్మా," అన్నాడు మావయ్య.

లేవలేదు. ఆ పిల్లకి నోరు లేదు గానీ పట్టు ఉంది, ఉడుంపట్టు. మావయ్య కాసేపు నిలబడి, ఆవులించి, "సాయంత్రం కదా, చూద్దాంలే," అని పక్కకి తప్పుకున్నాడు. ఆ వారం అతనికి రాత్రి డ్యూటీ. నిద్ర ముందు స్కూటరు ఎంత.

ఆ మట్టి ఇంటికి కొత్తగా వచ్చింది కాదు. అమ్మమ్మ పడుచుగా ఉన్నప్పుడే ఆ పని మొదలుపెట్టింది. కొండ పక్క తవ్వకం నుంచి లారీ డ్రైవరు ఒకాయన తెల్లమట్టి గడ్డల్ని గోనెసంచిలో తెచ్చి పడేస్తాడు. దాన్ని రాత్రంతా నానేసి, చేత్తో పిసికి, పాలలాగా కలిపి కాసేపు వదిలేస్తే ఇసుక అడుగుకి పోతుంది. పైన తేలిన తెల్లనీళ్లని ఇంకో తొట్టిలోకి వంచాలి. చెయ్యి తొణికితే ఇసుక లేచి వచ్చేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది పని. ఆ తెల్లనీళ్లు తేరుకున్నాక పైనీళ్లు తీసేసి, మట్టిని గుడ్డలో మూటకట్టి వేలాడదీసి, నీడలో ఆరబెట్టి, నూరి, పాత పలచటి చీర గుడ్డలో వస్త్రగాళితం పట్టాలి. ముట్టుకుంటే వేళ్లకి తగిలిందో లేదో తెలియనంత మెత్తగా రావాలి. వచ్చిందో లేదో చూడటానికి అమ్మమ్మకి ఒకటే పరీక్ష. చిటికెడు పళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా కొరకడం. కరకరమంటే మళ్లీ తొట్టిలోకి.

అమ్మమ్మకి ఇప్పుడు పళ్లు లేవు. అందుకని కొన్నాళ్లుగా ఆ పరీక్ష గుసగుస పళ్లతో జరుగుతోంది. ఆ పిల్ల తల ఊపితే పొడి డబ్బాలోకి పోతుంది, అడ్డంగా ఊపితే తొట్టిలోకి. ఆ ఇంట్లో నోరు విప్పకుండా తన మాట నెగ్గించుకోగలిగింది అక్కడొక్కచోటే.

పొడి తయారయ్యాక దాన్ని పన్నీటితో, రెండు చుక్కల తేనెతో కలిపి గిన్నెలో పెట్టి ముందుగది పరదా దాకా తెచ్చేది కూడా గుసగుసే. పరదా దాటేది కాదు. పరదా సందులోంచి గిన్నె పట్టుకున్న చేతులు మాత్రం లోపలికి వెళ్లేవి. పెద్దమ్మ అందుకునేది. లోపల అద్దం, దాని చుట్టూ దీపాలు, వెనక్కి వాలే ఎత్తు కుర్చీ, కుర్చీలో కళ్లు మూసుకున్న ఎవరో ఒకావిడ. తను కడిగిన మట్టిని తన చేత్తో ఒక్కసారి ఒక మొహానికి పట్టించాలని గుసగుసకి ఎంత కోరికో చెప్పలేం. ఒకసారి అమ్మమ్మ చేత అడిగించింది కూడా.

"ఈ పనికి చేతులొక్కటే చాలవే," అంది అప్పుడు పెద్దమ్మ. "నోరు కావాలి. వాళ్లొచ్చేది సగం మొహానికి, సగం మాటలకి. నువ్వు పక్కన నిలబడితే గోడ పక్కన కూర్చున్నట్టుంటుంది వాళ్లకి."

ఇప్పుడు మట్టే పోతుందట. మట్టి పోతే ఇంక పరదా సందులోంచి చేతులు కూడా వెళ్లవు. మట్టిలో తప్పు లేదని గుసగుసకి తెలుసు. తన పళ్లకి తెలుసు. కానీ రాలుతున్న మాట నిజం. ఎందుకు రాలుతోందో సాయంత్రం లోపు కనిపెట్టాలి. కనిపెట్టి ఊరుకుంటే చాలదు, చెప్పాలి. ఆ రెండోదే గుండెల్లో రాయిలా పడి ఉంది.

ముందు మొదటిది చూద్దామని తొట్టి మూత మీంచి లేచింది.

డబ్బాలోంచి పొడి తీసి మళ్లీ కొత్త గుడ్డలో పట్టింది. పళ్ల మధ్య పెట్టుకుంది. చప్పుడు లేదు. పన్నీటితో కలిపింది, తేనె వేసింది. ఒకే గిన్నెలోంచి తీసి అమ్మమ్మ మొహానికి పట్టించింది, తనూ పట్టించుకుంది. ఇద్దరూ వరండాలో పక్కపక్కన కూర్చున్నారు, సున్నం కొట్టిన రెండు స్తంభాల్లాగా.

కాసేపటికి అమ్మమ్మ మొహం మీద మట్టి పగిలింది. నోటి చుట్టూ ముందు సన్నగా గీతలు పడ్డాయి, తర్వాత గడ్డం మీద పెచ్చులు లేచాయి. అద్దంలో చూసుకుంటే గుసగుస మొహం మాత్రం నున్నగా, కోడిగుడ్డులా ఉంది.

"నా తోలు ముసలిదే," అంది అమ్మమ్మ, పెచ్చులు దులుపుకుంటూ. "ముడతల్లో ఎలా ఆగుతుంది చెప్పు."

బ్యాంకావిడకి ముడతలు లేవు కదా. గుసగుస తల అడ్డంగా ఊపింది.

అప్పుడే మావయ్య నిద్ర పట్టక దొర్లి దొర్లి బయటికి వచ్చాడు. ఇద్దరినీ చూసి నవ్వాడు. "నాకూ పెట్టు అమ్మా. సాయంత్రం ఎలాగూ పారబోసేదే కదా, నేనూ ఒకసారి తెల్లబడతాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను పోల్చుకోకుండా ఆపేస్తే ఇంటికొచ్చి పడుకుంటా."

అదే గిన్నెలోంచి గుసగుస అతనికీ పట్టించింది. మెత్తగా చల్లగా తగిలేసరికి నిద్ర పట్టనివాడు కాస్తా మంచం మీద వాలి గురక మొదలుపెట్టాడు. గుసగుస పక్కన కూర్చుని కళ్లార్పకుండా చూసింది. అంచులు తెల్లబడ్డాయి గానీ ఒక్క గీత పడలేదు. మావయ్యది గరుకు మొహం, గడ్డం కూడా గీసుకోలేదు. అయినా పడలేదు.

తొట్లు ఖాళీ అయ్యాయో లేదో చూడటానికి పెద్దమ్మ వచ్చింది. మంచం మీద తమ్ముణ్ణి చూసి ఆగిపోయింది.

"ఇదేవిటే, మంచం మీద విగ్రహం పెట్టారు? ఆవిష్కరణ ఎప్పుడు?"

మావయ్య ఒక కన్ను తెరిచాడు.

"ఆ మొహానికి మట్టి పూసి లాభం లేదే పిల్లా, పడగొట్టి కొత్తది కట్టించాలి," అంది పెద్దమ్మ.

మావయ్యకి నవ్వాగలేదు. పక్కున నవ్వాడు. నోటి మూల దగ్గర ఒక గీత మొదలై చెంప మీదుగా చెవి దాకా పాకింది. ఇంకోసారి నవ్వాడు. చెంప మీద మట్టి పలక పలకే ఊడి దిండు మీద పడింది.

గుసగుస ఆ దిండు వైపు చూస్తూ ఉండిపోయింది. అమ్మమ్మ నోరు ఖాళీగా ఉన్నా నములుతూనే ఉంటుంది, ఎవరూ వినకపోయినా ఏదో గొణుగుతూనే ఉంటుంది. తను పెదవి కదపదు. మావయ్య నిద్రపోయినంతసేపూ ఏమీ కాలేదు. ముందుగదిలో పెద్దమ్మ ఒక కథ ఎత్తుకుంటే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. పైగా కథ మధ్యలో ఉంటే మట్టి ఎండి బీటలు వారినా పెద్దమ్మకి పట్టదు. తడి ఉండగానే కడిగేయాల్సింది, కథ ముగిశాక కడుగుతుంది.

తప్పు మట్టిది కాదు. పెద్దమ్మ నోటిది.

"పెద్దమ్మా," అంది.

"ఊఁ."

"మట్టి..."

"ఊఁ, మట్టి?"

గుసగుస నీళ్లు నమిలింది. పెద్దమ్మ ఆ నోటితోనే ఇల్లు నిలబెట్టింది. పెద్దనాన్న పోయాక ఏడుస్తూ కూర్చోకుండా ముందుగది తెరిచి, వచ్చిన ప్రతివాళ్లనీ నవ్వించి పంపి, మళ్లీ వచ్చేలా చేసుకుంది. ఆ నోరే తప్పని ఎలా చెప్పాలి.

"ఇదిగో, నమలడం అయ్యాక చెప్పు. ఈలోగా తొట్లు," అని పెద్దమ్మ లోపలికి వెళ్లిపోయింది.

గుసగుస మొహం కడుక్కుని గోడ దగ్గరికి వెళ్లింది. పిల్లి ఇంకా అలకలోనే ఉంది. దాని ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, చెప్పాల్సిన మాట చెప్పింది. మొదటిసారి తనకే వినబడలేదు. రెండోసారి వినబడింది. మూడోసారి పిల్లి లేచి పక్కింటి గోడ మీదికి వెళ్లిపోయింది. అంటే గట్టిగానే వచ్చిందన్నమాట.

మధ్యాహ్నం దాటాక మైకావిడ వచ్చింది. ఆవిడ రైల్వే స్టేషన్లో పనిచేస్తుంది. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పేది ఆవిడే. మొహం చూసి గుర్తుపట్టని వాళ్లు కూడా గొంతు వింటే పెట్టె సర్దుకుని లేచి నిలబడతారు.

"రేపు మా ఆఫీసులో అందరికీ ఫోటో తీస్తారటండీ," అంది కుర్చీలో వాలుతూ. "మొహం కాస్త మనిషి మొహంలా చెయ్యండి."

"ట్యూబులింకా రాలేదు. ఈ పూటకి మట్టితోనే కానిచ్చేద్దాం. ఇదే ఆఖరు లెండి," అంది పెద్దమ్మ. పరదా వైపు తిరిగి, "ఏమే, గిన్నె."

గుసగుస చేతులు పరదా సందులోంచి వెళ్లాయి. గిన్నె వెళ్లింది. చేతులు వెనక్కి వచ్చాయి. కానీ ఆ పిల్ల ఎప్పటిలా వరండాలోకి పోలేదు. పరదా అంచు పట్టుకుని అక్కడే నిలబడింది.

పెద్దమ్మ చేతులు ఎంత హాయిగా కదులుతాయో చూడాలి. నుదుటి మీంచి కణతలకి, కణతల మీంచి చెంపలకి, ఎక్కడా పలచనా మందమా కాకుండా. చేతులతో పాటు నోరూ మొదలైంది.

"మా ఎదురింటాయన సంగతి విన్నారా? జుట్టుకి రంగేసుకున్నాడండీ. ఆరేదాకా ఆగొచ్చు కదా, నిద్రొస్తోందని తలకి తువ్వాలు చుట్టుకుని పడుకున్నాడు. పొద్దున్న లేచి చూసుకుంటే జుట్టు తెల్లగానే ఉంది, తువ్వాలుకి మాత్రం పడుచుదనం వచ్చేసింది."

మైకావిడ పొట్ట కదిలింది. పెదవులు బిగబట్టింది. పాపం, ఆపుకోవడానికి కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"ఇంకా ఉందండీ. వాళ్లావిడ ఆ తువ్వాలు చూసి..."

నోటి మూల దగ్గర సన్నటి గీత పడింది. గుసగుస చూసింది. ఆ గీత చెంప మీదికి పాకడానికి ఎంతోసేపు పట్టదని తెలుసు. పరదా అంచు చేతిలో తడిసిపోయింది. ఇప్పుడు కాకపోతే సాయంత్రం తొట్లు కాలువలోకి పోతాయి.

పరదా పక్కకి తీసి లోపలికి అడుగు పెట్టింది.

"పెద్దమ్మా, మట్టి తప్పు కాదు. నువ్వు నవ్విస్తున్నావు."

అది గుసగుస గొంతని పోల్చుకోవడానికే పెద్దమ్మకి కాస్త సమయం పట్టింది.

"ఏమన్నావ్?"

వినబడక అడిగింది కాదని గుసగుసకి తెలుసు. అయినా మళ్లీ చెప్పింది. మొహం ఎర్రబడింది, చూపు నేల మీదే ఉంది, మాట మాత్రం ఆగలేదు. "నువ్వు నవ్విస్తే పగులుతోంది. కథలో పడి ఆరిపోయినా చూసుకోవడం లేదు. అమ్మమ్మ గొణుగుతుంటే పగిలింది. నాకు పగల్లేదు. మావయ్య పడుకున్నంతసేపూ బాగానే ఉంది, నువ్వొచ్చి విగ్రహం అన్నాక పగిలింది. అందరికీ ఒకే గిన్నెలో మట్టి."

పరదా వెనక మావయ్య దగ్గాడు. అమ్మమ్మ అతని వీపు మీద ఒకటి వేసిన చప్పుడు వినబడింది.

"అంటే ఏమిటే? నన్ను నోరు మూసుకోమంటావా?" అంది పెద్దమ్మ. గొంతులో కోపం ఉంది. దాని అడుగున ఇంకేదో కూడా ఉంది. "ఈ నోరే లేకపోతే ఈ కుర్చీలోకి ఎవరొస్తారు? నువ్వొస్తావా? అడుగు ఆవిణ్ణి. అడుగు, దేనికొస్తున్నారో."

మైకావిడ లేచి కూర్చుంది. చెంప మీంచి ఒక పెచ్చు ఊడి ఒళ్లో పడింది. దాన్ని తీసి చేతిలో పెట్టుకుని చూసింది.

"మీ మాటలంటే నాకిష్టమేనండీ," అంది, రైళ్లని పిలిచే గొంతుతో కాకుండా మామూలు గొంతుతో. "కానీ పొద్దుటి నుంచీ వాగి వాగి నా దవడలు లాగేస్తుంటాయి. ఇక్కడికొస్తే నవ్వితే ఇది రాలుతుంది, నవ్వకపోతే మీరు చిన్నబుచ్చుకుంటారు. పోయినసారి ఇంటికెళ్లేదాకా బస్సులో రాలుతూనే ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయన తన చొక్కా దులుపుకుంటూనే ఉన్నాడు."

పెద్దమ్మ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటం ఆ గదికి కొత్త. బయట వీధిలో సైకిలు బెల్లు వినబడింది, కుళాయి చుక్కలు పడటం వినబడింది. ఇన్నాళ్లూ అవి ఉన్నట్టే ఎవరికీ తెలీదు.

"సరే," అంది చివరికి. గిన్నె తీసి గుసగుస చేతిలో పెట్టింది. "కడిగి మళ్లీ పట్టించు. నువ్వే. నేనిక్కడే ఈ స్టూలు మీద కూర్చుంటా. నా నోటి వల్లే పగులుతోందో, నీ మట్టి వల్లే పగులుతోందో ఇప్పుడే తేలిపోవాలి. పగిలిందా, తొట్లు నువ్వే ఎత్తి పారబోయాలి."

గుసగుస తల ఊపింది.

తడిగుడ్డతో ఆవిడ మొహం మెల్లగా తుడిచింది. వేళ్లతో మట్టి తీసుకుంది. ఇది తనకి తెలిసిన పని. నుదురు, కణతలు, ముక్కు పక్కన వంపు. కళ్ల కింద వదిలేసింది. నోటి మూలల దగ్గర మిగతా చోట్ల కంటే పలచగా వేసింది. చెప్పేవాళ్లు లేకుండానే అలా వేయాలని తోచింది. మైకావిడ గట్టిగా ఊపిరి వదిలి, కుర్చీ చేతుల మీంచి వేళ్లు సడలించింది.

"అన్నట్టు ఆ తువ్వాలు..." అంది పెద్దమ్మ.

గుసగుస తిరిగి చూసింది. అంతే. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి కొంగు తీసింది. నోరు తెరిచింది. మూసింది. స్టూలు మీద అటు జరిగింది, ఇటు జరిగింది. అద్దం తుడిచింది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. లోపల మాటలు కుక్కిన పెట్టెలా ఉబ్బి కూర్చుంది గానీ ఒక్కటి బయటికి రానివ్వలేదు. అది కూడా ఉడుంపట్టే. ఆ పిల్లకి ఎవరి నుంచి వచ్చిందో అప్పుడు చూస్తే తెలిసేది.

గుసగుస మాత్రం అద్దం వైపు చూడలేదు. మట్టి అంచులే చూస్తోంది. జుట్టు మొదట్లో రంగు మారడం మొదలైంది. చెంపల మీద ఇంకా తడి మెరుస్తోంది. నీళ్ల గిన్నె, మెత్తటి గుడ్డ దగ్గరికి జరుపుకుంది. మైకావిడ నిద్రలోకి జారిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో పెద్ద గొంతు. "అమ్మగారూ, ట్యూబులండీ. పెట్టె ఎక్కడ దించమంటారు?"

మైకావిడ కనురెప్పలు కదిలాయి. గుసగుస చటుక్కున ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. రెప్పలు మళ్లీ కుదుటపడ్డాయి.

పెద్దమ్మ లేచింది. గుమ్మం వైపు రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది. కుర్చీ మీదికి వంగి చూసింది. నుదురు చూసింది, ముక్కు చూసింది, నోటికి ఈ మూలా ఆ మూలా చూసింది. వేలు దగ్గరగా తీసుకెళ్లింది గానీ ముట్టుకోలేదు. ఒక్క గీత లేదు. గుసగుస మొహంలోకి ఒకసారి చూసి, వెళ్లి వీధి తలుపు తెరిచింది.

"పెట్టె పెట్టొచ్చాండీ?" అన్నాడు అతను ఇంకా గట్టిగా.

"పెట్టె సంగతి తర్వాత. ముందు ఆ గొంతు తగ్గించవయ్యా," అంది పెద్దమ్మ. జన్మలో మొదటిసారి ఆమె గొంతు గుసగుసలాగే వచ్చింది. "లోపల మా పిల్ల పని చేస్తోంది."

మెట్టు మీదికి దిగి, చప్పుడు కాకుండా తలుపు లాగి, గుసగుసని లోపల ఉంచి మూసేసింది.